చర్చి మెట్టు మీది ఇత్తడి బొత్తం

మా అక్క కూతురు సెనోబియా చోకే సాధించిన మొదటి గెలుపు, సాయంత్రపు లెక్కను పొద్దుటి లెక్కతో కలపడం. భూమి లాగుడును కొలిచే పెట్టె కుదుపుకు ఓర్వదు. లారీలో తీసుకెళ్లిన ప్రతిసారీ లెక్క చెడింది. చివరికి ఆమె దాన్ని చంటిబిడ్డలా మూపున గుడ్డలో కట్టుకుని నడిచింది. మా ఊరు కైచానీలో, చర్చి మెట్టు మీద సర్వేవాళ్లు గుర్తుగా బిగించిన ఇత్తడి బొత్తం దగ్గర బయలుదేరి, మైదానమంతా కొలిచి, మళ్లీ ఆ బొత్తం దగ్గరికే వస్తే లెక్క సరిపోయింది.

మా ఊరి ఆడవాళ్లలో ఒరూరో పట్నం వెళ్లి సర్వే చదువు చదివింది ఆమే మొదలు. ఉప్పునేల దాటి కొలతలు తెచ్చిందీ ఆమే. మా కాళ్ల కింద మట్టీ ఇసుకా ఎంత లోతో, గట్టిరాయి ఎక్కడ మొదలవుతుందో, భూమి పెంకు ఎంత మందమో తవ్వకుండా గీసే పటానికి ఆ కొలతలే ఆధారం. లాగుడు తగ్గినచోట మట్టి లోతెక్కువ.

ఈ ఏడు ఒక్క కొలతా పాతవాటితో కలవలేదు. ఆ పటం గీసే ఇంజనీరు ఒర్గాస్ ఊరికొచ్చాడు.

"పెట్టెను ఎక్కడ పడేశావమ్మా? నిజం చెప్పు."

"నా వీపు దిగితే కదండీ పడటానికి!"

"అయితే ఏ లెక్క నమ్మను? పాతవీ కొత్తవీ పక్కన పెట్టాల్సిందే."

సెనోబియా ముఖం పాలిపోయింది. మళ్లీ కొలుద్దామని చర్చి మెట్టెక్కి, ఆగిపోయింది.

"మామయ్యా, ఈ మెట్టు ఇంత ఎత్తుండేదా?"

పోయినేడు ఊరి పండుగ జరిపించిన సెవెరో మేస్త్రీ ఛాతీ విరుచుకున్నాడు. "మన మెట్టు పొట్టిదని పక్కూరోళ్లు నవ్వారు. లేపాం!"

"మరి బొత్తం?"

"పారేస్తామేంటి? కడిగి, పూజకు వాడే కోకా ఆకులు చల్లి, మర్యాదగా పైన పెట్టాం."

"ఎంత లేపారు?"

"మోకాలంత."

"నీ మొహం, జానెడే!" అంది అతని భార్య.

ఎత్తు పెరిగితే లాగుడు తగ్గుతుంది. కానీ ఎంత పెరిగిందో ఎవరూ కొలవలేదు. పాత రాళ్లు పగిలి గోడలో కలిసిపోయాయి.

"మీ మాట నిజమే కావచ్చు. నోటిమాట మీద పటం గీయలేను," అన్నాడు ఇంజనీరు.

చిత్తడినేల అవతల నల్లగుట్ట మీద ఎవరూ ముట్టని రెండో బొత్తం ఉంది. అక్కడ కొలిచి ఇక్కడికొచ్చి కొలిచి, రెంటి మధ్య పాత తేడాతో పోలిస్తే, మెట్టు ఎంత లేచిందో తేలుతుంది. అయితే మధ్యలో నది. పోయినేడు వానల్లో లారీనే మింగింది.

"నీళ్లు తగ్గాక వెళ్లవే," అన్నాను.

"అప్పటికి నా కొలతలు లేకుండానే పటం అయిపోతుంది మామయ్యా."

పెట్టె మూపున కట్టుకుని, ఎండు బంగాళాదుంపలు మూటగట్టుకుని వెళ్లింది. వాన అప్పటినుంచి ఆగలేదు. మెట్టు మీద నుంచి చూస్తే గుట్ట కనబడదు. సెవెరో వచ్చి నా పక్కన కూర్చుంటాడు.

కాండెలారియా మాత పండుగకు, ఫిబ్రవరి రెండో తేదీకల్లా వచ్చేస్తానని చెప్పి వెళ్లింది. ఆ పండుగ దాటిపోయింది.