గేర్లు నేర్పిన డ్రైవర్ మావయ్య

ఫోన్ చేసింది డ్రైవర్ మావయ్యగారి మనవరాలు. "ఆంటీ, తాతగారు నహీ రహే" అంది. నాకు హిందీ అర్థం కాలేదనుకుందేమో, "పోయారు ఆంటీ, పొద్దున్నే, నిద్రలోనే" అని తెలుగులో చెప్పింది. అచ్ఛా అన్నాను. ఎనభై దాటిన మనిషి, బాధపడకుండా వెళ్ళిపోయారు. ఏడుపు రాలేదు గానీ, ఆయన గురించి నాకు తెలిసింది నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆయన్ని అందరూ డ్రైవర్ బాబు అనేవారు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి, బొగ్గు గూడ్సులు నడిపి రిటైరయ్యారు. కొడుకు కూడా రైల్వేలోనే కావడంతో మా పక్క క్వార్టర్‌లో ఉండేవారు. చుట్టరికమేమీ లేదు. నేను మావయ్యగారూ అని పిలిచేదాన్ని.

ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రమైన కొత్తలో మా ఆయన జబ్బు చేసి పోయారు. ఆయన ఉద్యోగం పేరున నాకు ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చారు. ఆఫీసు పట్టాలకు అవతల, ఇల్లు ఇవతల. మధ్యలో ఓవర్‌బ్రిడ్జి. మనుషులు నిండితే గానీ ఆటో కదలదు. ఒకే నెలలో మూడుసార్లు ఆలస్యమయ్యాను. మూడోసారి మా పెద్ద గుమాస్తా అందరి ముందూ, ఇల్లు చూసుకుంటే సరిపోయేదేమో అన్నాడు.

ఆ సాయంత్రం మావయ్యగారు గోడ అవతల నుంచే, "సైకిలు కొనుక్కోమ్మా. చిన్నప్పుడు తొక్కినావు కదా" అన్నారు.

"మోకాలు నొప్పి మావయ్యగారూ. ఆ బ్రిడ్జి ఎలా ఎక్కుతాను?"

"గేర్లున్నది కొందుము. అంత బొగ్గుబండి ఎక్కట్లేదేటి?"

సైకిళ్ళ కొట్టువాడు ముందుగా ఎర్ర సైకిలు తీశాడు. కిందికి వంగిన హ్యాండిలు, సన్నటి సీటు. నాకు రంగు నచ్చింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి, "రంగు మీద కూర్చోవమ్మా, సీటు మీద కూర్చుంటావు" అన్నారు. నాలుగు సైకిళ్ళ మీద కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగారు. కాళ్ళు నేలకు ఆనుతున్నాయా? నడుం నిటారుగా ఉందా? మెడ తిప్పి వెనక్కి చూడగలవా? చివరికి బూడిదరంగుది ఒకటి ఒప్పుకున్నారు. మధ్యలో అడ్డకడ్డీ లేదు, హ్యాండిలు ఎత్తుగా ఉంది, వెడల్పాటి స్ప్రింగు సీటు, చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి వలలాంటి జాలీ. ఆరు గేర్లు.

పొద్దుటిపూట మైదానంలో నేర్పేవారు. ఆయన తొక్కేవారు కాదు, పక్కన నడిచేవారు. "బలంగా నొక్కుతూ మార్చకు. కాలు తేలిగ్గా తిరుగుతున్నప్పుడే మార్చు" అనేవారు. ఇంకో మాట రోజూ చెప్పేవారు: "ఎత్తు వచ్చాక కాదమ్మా, రాకముందే గేరు దించుకోవాల."

మొదటివారంలోనే ఆ మాట మరిచాను. బ్రిడ్జి సగంలో, ఇక లాగలేక, కాలు బిగబట్టి గేరు తిప్పాను. గొలుసు టక్కున ఊడిపోయింది. వెనక బస్సు హారన్ ఆపలేదు. చీర కుచ్చిళ్ళ నిండా నల్లటి గ్రీజుతో, సైకిలు నెట్టుకుంటూ మళ్ళీ ఆలస్యంగానే చేరాను. సాయంత్రం ఆయనతో, దీన్ని అమ్మేస్తాను అన్నాను.

ఆయన గొలుసు ఎక్కించే పనిలో ఉన్నారు. తలెత్తలేదు.

"ఓసారి బండి ఎత్తులో ఆపేసినాను. నా అంచనా తప్పింది. ఎనక నుంచి ఇంకో ఇంజను వచ్చి నెట్టింది. షెడ్డులో అందరూ నవ్వినారు."

"మరేం చేశారు?"

"ఏటి చేస్తాను? మర్నాడు డ్యూటీకెళ్ళినాను. అదే లైను, అదే ఎత్తు."

ఓదార్పు అంతే. నిజానికి ఆ ఒక్క సంగతీ ఆయన ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదని మొన్న పరామర్శకు వెళ్ళినప్పుడు తెలిసింది. ఆ ఉద్యోగంలో నేను ఇప్పటికీ ఉన్నాను.

మర్నాడు బ్రిడ్జి మొదలుకాకముందే నా పక్కకు ఒక ఆటో వచ్చి, నా వేగానికే నెమ్మదించింది. లోపల ఆయన ఒక్కరే ఉన్నారు. "ధీరే చలో భాయ్" అని ఆటోవాడితో అంటున్నారు. నాకు కనబడేలా చెయ్యి బయటికి చాపి రెండు వేళ్ళు చూపించారు. రెండో గేరుకు దించాను. వెనక స్కూటర్లు హారన్లు కొడుతున్నాయి, ఆటోవాడు విసుక్కుంటున్నాడు, ఆ రెండు వేళ్ళూ మాత్రం అలాగే ఉన్నాయి. బ్రిడ్జి పైకి చేరాక చెయ్యి లోపలికి తీసుకున్నారు. నేను ఆగలేదు. ఆటో వేగం పెంచి ముందుకెళ్ళిపోయింది. వెనక అద్దంలోంచి కాసేపు ఆయన నెరిసిన తల కనిపించింది, ఒక్కసారి కూడా ఇటు తిరగకుండా.