పొగబండికి పట్టాలు

ఈ ఉదయం నా కాఫీ పాత్ర నడుము దగ్గర ఆవిరి కక్కింది. పై చెంబుకీ కింది చెంబుకీ మధ్య ఉండే రబ్బరు రింగు ఎండిపోయి, అంచున పగిలింది. పైకి ఎక్కాల్సిన కాఫీ పక్కకు కారి పొయ్యి మీద మాడింది. ముత్తుకూరులో అడిగితే అలాంటివి ఉండవన్నారు. బస్సెక్కి నెల్లూరు పోయి ట్రంకురోడ్డులో నాలుగు స్టీలు సామాన్ల కొట్లు తిరిగాను. నాలుగింటిలోనూ కుక్కరు రబ్బరే తెచ్చి ముందు పడేశారు. మూడో కొట్టులో మనిషి పాత్రను తిప్పి తిప్పి చూసి, "ఈ కాలంలో ఇదెందుకు సార్, పొడి కలుపుకుంటే అయిపోలా?" అన్నాడు. ఇలాంటి మాటలకు అలిగి నేను అడుగుపెట్టడం మానేసిన కొట్లు ఊళ్ళో ఆరు ఉండేవి. ఇది ఏడోది. అయితే రేపు ఆదివారం. ఈ పాత్రను నేను కోవూరు తీసుకుపోవాలి. అది ఎందుకో చెప్పాలంటే నాకు జరిగిన అవమానం సంగతి మొదటినుంచీ చెప్పాలి. అది చెప్పడం నాకెప్పుడూ కష్టం కాదు.

నేను కృష్ణపట్నం ఓడరేవులో ఒక ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేశాను. ఓడ వస్తే కాగితాలు పట్టుకుని ఎక్కడం, సంతకాలు చేయించుకుని దిగడం నా పని. ఒకసారి బొగ్గు ఓడలో వంటవాడికి, ఇటలీ మనిషికి, పంటి నొప్పి పట్టుకుంది. దవడ గుమ్మడికాయలా వాచి ఉంది. నేను లవంగనూనె తెప్పించి ఇచ్చాను. మరునాడు అతను ఎనిమిది పలకల అల్యూమినియం పాత్ర ఒకటి నా చేతిలో పెట్టి, ఎలా వాడాలో చేతులతోనే చెప్పాడు. కింది చెంబులో నీళ్ళు. మధ్య గరాటులో కాఫీ పొడి, ఒత్తకుండా, వదులుగా. పై చెంబు బిగించి సన్నమంట మీద పెడితే నీళ్ళు ఆవిరి తోపుకు పొడిలోంచి పైకెక్కి, గురగురమంటూ కాఫీగా దిగుతాయి. చివరగా సబ్బు అభినయించి వేలు అడ్డంగా ఊపాడు, పీచు అభినయించి ఇంకా గట్టిగా ఊపాడు. మంచినీళ్ళతో కడిగితే చాలు. లోపల కట్టే గోధుమరంగు పొరే దాని ప్రాణమని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. నాకు ఉద్యోగంలో దక్కిన బహుమానం అదొక్కటే. మా ఆఫీసు వాళ్ళు నేను దిగిపోయేరోజు శాలువా కప్పారు కానీ అది అంతకుముందు ఇంకొకరికి కప్పిందే.

అప్పట్లో నేను కోవూరులో మా అన్న ఇంట్లో ఉండేవాణ్ణి. నా పెళ్ళి కాకపోవడం వేరే ఫిర్యాదు, ఇక్కడ పట్టదు. ఆ ఇంట్లో వంటగది మా వదినది. ఆమె ఫిల్టరు కాఫీ అంటే వరికోతలకు వచ్చినవాళ్ళు కూడా ఒక పూట ముందే వచ్చి కూర్చునేవారు. నా పాత్రను చూసి, "ఏందబ్బయా ఇది, కిరసనాయిలు దీపమా?" అంది. మొదటిరోజే నేను పళ్ళు తోముకుని వచ్చేలోగా తానే పొడి పోసి, ఫిల్టరులో పొడి అదిమే పిడి బిళ్ళ ఉంటుంది కదా, దానితో గట్టిగా ఒత్తేసింది. పోసింది కూడా చికోరీ కలిపిన మెత్తటి పొడి. వద్దంటే, "వదులుగా పోస్తే డికాషను పల్చనవుతాది. పెండ్లయిన కాడ్నించీ కాస్తుండా, నాకు తెలవదా?" అంది. నీళ్ళకు దారి దొరకలేదు. ఆవిరి ఎక్కువైతే వదిలే చిన్న మర పక్కన తెరుచుకుని పాత్ర ఈలవేసింది. ఆవిరి పోయి గోడమీది క్యాలెండరుకు కొట్టింది. వదిన చీర కుచ్చెళ్ళు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తి, అక్కడినుంచి, "పొగబండిరా నాయనా, పొగబండి!" అని అరిచింది. ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే ఒక మంచిపని కూడా చేసింది. మా పొయ్యి కాళ్ళు వెడల్పు, నా పాత్ర చిన్నది. ఎప్పుడూ ఒరిగేది. వదిన బజారులో కొడవళ్ళు సాగదీసే కమ్మరి దగ్గరికి తానే పోయి, బర్నరు మీద ఆనేట్టు ఒక ఇనప చక్రం చేయించుకొచ్చింది. "మా మరిది పొగబండికి పట్టాలు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించేది. అందరూ నవ్వేవారు. నేను నవ్వలేదు.

ఆరేళ్ళు అలా గడిచాయి. తెల్లవారగానే ఒక పొయ్యి మీద ఆమె పాలు, రెండో పొయ్యి మీద నా పొగబండి. వదిన తలుపుకు ఆనుకుని గురగుర వినేది, వాసన పీల్చేది, కానీ ఒక్క గుక్క తాగేది కాదు. "వాసన బాగుండాది. తాగేది నావల్ల కాదు నాయనా" అనేది. నాకు పెద్ద కోరికలు ఎప్పుడూ లేవు. ఆమె ఒక్కసారి నా చేతి కాఫీ తాగి బాగుందంటే చాలు. నాలుక గలిగిన మనిషి ఒప్పుకోవడం వేరు, ఆఫీసులో గుమాస్తాలు ఒప్పుకోవడం వేరు.

ఒక శుక్రవారం ఆమె అన్నగారు వాకాడు నుంచి వచ్చారు. ప్రతి విషయం మీదా అభిప్రాయం ఉన్న మనిషి. అందరి ముందూ నా కాఫీ ఇచ్చి, ఆయనతో బాగుందనిపిస్తే, వదిన కూడా తాగక తప్పదని నా లెక్క. మధ్య అరలోంచి పాత్ర తీయబోయి ఆగిపోయాను. వెండిలా మెరుస్తోంది. మూత తీశాను. లోపల కూడా తెల్లగా మెరుస్తోంది. ఆ ఇంట్లో శుక్రవారం పూజకని గురువారమే గిన్నెలన్నీ చింతపండు, ఇటుకపొడి వేసి తోముతారు. ఆరేళ్ళుగా ఆ తోముడులోంచి నా పాత్రను కాపాడుకుంటూ వచ్చాను. ఆ గురువారం నాకు పోర్టులో ఓడ ఆలస్యమైంది. అప్పటికే అందరూ గ్లాసుల కోసం కూర్చుని ఉన్నారు. పెట్టాను. వచ్చిన కాఫీ నాణెం నాకినట్టు, పులుపు ఎక్కి ఉంది. వాకాడు ఆయన ఒక గుక్క తీసుకుని, లేచిపోయి అరటిచెట్టు మొదట్లో ఉమ్మి, "ఏం బావా, చారులో ముంచి తీసినావా?" అన్నాడు. దానికి మా వదిన, "మా మరిది కాపీ తాగేదానికి గాదులేన్నా, చూసేదానికి!" అంది. అందరూ నవ్వారు. మా అన్న కూడా నవ్వాడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. అడ్డం పెట్టుకున్నంత మాత్రాన కనపడదా?

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "చింతపండేసి తోమినా. లోపలంతా నల్లంగా పేరుకోని ఉండాది. అన్న ముందర పెడితే నీకు నామోషీ గాదా?" అంది. ఎంత చక్కటి సాకో అనుకున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు అలాగే అనుకుంటాను. సోమవారం ముత్తుకూరులో గది చూసుకుని, పాత్ర గుడ్డలో చుట్టుకుని వచ్చేశాను. తొందరలో ఇనప చక్రం మరిచిపోయాను. వదిన వచ్చి తప్పయిందంటే వెళ్దామని కూర్చున్నాను. ఆమె రాలేదు, అన్న చేత మాగాయ జాడీ పంపింది. మూత తీయకుండానే తిప్పి పంపాను. మా అన్న పోయినప్పుడు పన్నెండు రోజులూ వెళ్ళాను. పందిట్లో వదిన తానే గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ కాఫీ మీద మీగడ కట్టేదాకా నేను దానివైపు చూడలేదు. అలా పదకొండేళ్ళు. ముత్తుకూరు నుంచి కోవూరు గంటన్నర ప్రయాణం. పెన్న మీద వంతెన దాటితే వచ్చేస్తుంది.

రెండు నెలల కింద మా అన్న కోడలు ఫోను చేసింది. వదినకు పక్షవాతం వచ్చిందనీ, కుడిచెయ్యి పడిపోయిందనీ, మనుషుల్ని సరిగ్గా పోల్చుకోవడం లేదనీ చెప్పింది. "పొద్దస్తమానం పొగబండి యాడ, పొగబండి యాడ అంటుండాది చిన్నమామయ్యా. రైలెక్కాలంటుందేమో అనుకున్నాం. మా ఆయనకు నిన్న గుర్తొచ్చింది, అది మీ కాపీ చెంబంట గదా?" అంది. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్ళాను. చికోరీ లేని పొడి, గరుకుగా ఆడించింది, సీసాలో పోసుకున్నాను. నన్ను అడక్కుండా పాత్రను అడిగిందని దారిపొడుగునా కొంచెం బాధగానే ఉంది.

వంటగదిలో పొయ్యి మారింది కానీ కాళ్ళు వెడల్పే. పాత్ర ఒరుగుతుంటే అటూ ఇటూ చూశాను. తలుపు వెనక మేకుకు ఇనప చక్రం వేలాడుతోంది. ఉప్పుగాలికి కిటికీ ఊచలు కూడా పెచ్చులూడే ఊళ్ళో దానిమీద ఒక్క తుప్పు మరక లేదు. కోడలు, "ఆ చక్రమా మామయ్యా? అత్తమ్మ ప్రతి గురువారం దానికి నూనె రాసేది. ఎందుకత్తా అంటే, పెట్టిపోయినోళ్ళు వచ్చి అడిగితే తుప్పుబట్టింది ఇయ్యాల్నా అనేది" అంది. చక్రం తీసి పొయ్యి మీద పెట్టాను. పదకొండేళ్ళలో ఆ సంగతి నాకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు కదా.

కాఫీ బాగా వచ్చింది. పాత్రలో పొర మళ్ళీ కట్టి చాలా ఏళ్ళయింది. వదిన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ఎప్పుడూ నిండుగా ఉండే మనిషి, సగం అయింది. చెంచాతో పట్టాను. నోట్లో కాసేపు ఉంచుకుని మింగి, "బాగుండాది" అంది. రెండో చెంచా దుప్పటి మీద ఒలికించాను. ఆరేళ్ళు, మళ్ళీ పదకొండేళ్ళు. ఈ మాట వినడానికి మా అన్న లేడే అనిపించింది. కళ్ళు తుడుచుకుంటూ ఉండగా కోడలు రాగిజావ తెచ్చి పట్టింది. "బాగుండాది" అంది వదిన. తర్వాత దగ్గు మందు. మూత తీస్తేనే చేదు వాసన వేసే మందు. దానికీ, "బాగుండాది." కోడలు మూతి తుడుస్తూ, "అత్తమ్మకు ఇప్పుడు రుచి తెలవదు మామయ్యా. ఏం పెట్టినా ఆ మాటే" అంది. పాపం, ఆ పిల్లకు నా సంగతి ఏం తెలుసు.

వదిన నన్ను అప్పుడు పరీక్షగా చూసింది. "అన్నా, వాకాడు నుంచి ఎప్పుడొచ్చినావు?" అంది. "నేను వదినా, నీ మరిదిని" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "మా మరిది లేడన్నా. అలిగి పోయినాడు. ఆ చెంబు నేను తోమకుండా ఉండాల్సింది. నల్లంగా ఉండాదని నువ్వు నవ్వుతావనే తోమినా. ఆ మాట ఒక్కటి నోరుజారినా. వస్తే చెప్పు" అంది. పదకొండేళ్ళు నేను కూర్చుని ఎదురుచూసిన మాట, నా ఎదురుగానే, ఇంకొకరికి చెప్పింది. వచ్చినాను వదినా, నేనే, ఇదిగో పొగబండి, అని పాత్ర తెచ్చి చూపించాను. పాత్రను గుర్తుపట్టి ఎడమచేత్తో నిమిరింది. నా ముఖం చూసి మాత్రం జాలిగా నవ్వింది. "నువ్వు ముసిలోడివి గదన్నా. వాడు చిన్నోడు" అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ వెళ్తున్నాను. ఆమె బాగుండాదంటుంది, తర్వాత జావకూ అంటుంది, వస్తే చెప్పమంటుంది. చెప్తాలే అంటున్నాను ఇప్పుడు. వాదించడం మానేశాను. నా జీవితంలో నేను వాదించడం మానేసిన విషయం ఇదొక్కటే. డాక్టరు ఇంకేమీ తిరిగిరాదన్నాడు. చివరికి ఆ కుక్కరు రబ్బరే ఒకటి తెచ్చి, బ్లేడుతో కోసి, ఇందాక బిగించి చూశాను. ఇంకా కారుతూనే ఉంది. సగం గ్లాసు పైకెక్కింది, సగం పొయ్యి తాగింది. ఆమె తాగేది రెండు చెంచాలు, సగం చాలు. రేపు పాత్ర తీసుకుపోకపోయినా ఆమెకు తేడా తెలియకపోవచ్చు. అయినా సంచిలో సర్దాను. వంతెన దాటి గంటన్నరలో నేను ఆ మంచం దగ్గరికి చేరుకోగలను. ఆమె దారి చూస్తున్న మనిషి మాత్రం పదకొండేళ్ళ వెనక ఒక సోమవారం గడప దిగి వెళ్ళిపోయాడు, అతణ్ణి వెనక్కి తీసుకొచ్చే బండి ఏ ఊరినుంచీ లేదు.