తుపాకి గొట్టంలో ఆకు

అప్పుడు బాబుకు ఎనిమిదో నెల. మణుగూరు దాటాక అడవిలో బస్సు చెడిపోతే, దారి పక్క ఇంట్లోని ముసలి దంపతులు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టారు. నా పక్కనే గోడకు ఒక నాటు తుపాకి ఆనించి ఉంది.

"నిజాం కాలం నాటిదా తాతా?" అన్నాను.

"నిజాముదేడిది బిడ్డా! మా తాత తుపాకి పగిలిపోయింది. గిది కమ్మరాయన అచ్చం గట్లనే చేసిచ్చిండు. పదేండ్లు గూడ కాలే," అని నవ్వాడు. చేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికట.

ఒళ్లో ఉన్న బాబు తుపాకి గొట్టంలోంచి ఎండుటాకు లాగి నోట్లో పెట్టుకున్నాడు. తీసి పారేశానే గానీ నా భయం పోలేదు.

పొద్దు వాలుతుండగా ముసలాయన గొట్టంలో మందు పోయబోయాడు. "ఆ గొట్టంలో ఆకు విషందేం కాదు కదా తాతా? బాబు నోట్లో పెట్టుకున్నాడు," అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"మందు నింపినంక గుర్తుకు ఆకు పెడ్తం. ఆకుంటే లోపల మందున్నట్టు బిడ్డా. దాని మీద మళ్ల పోస్తే గొట్టమే పగుల్తది. మా పెద్దోడు గట్లనే పోయిండు."

లోపలి మందు వదిలించుకోవాలంటే పేల్చడమొక్కటే దారి. ఆయన వాకిట్లోకి వెళ్లాడు. అవ్వ బాబును తీసుకుని రెండు చెవులూ మూసింది.

"నువ్వు జెప్పినవ్ బిడ్డా," అంది మెల్లగా. "పెద్దోడు పోయిననాడు గొట్టంల ఆకును చెత్తనుకొని తీసి పారేసింది నేనే. ముసలాయనకు ఇయ్యాల్టిదాక చెప్పలే."

బయట తుపాకి పేలింది. బాబు ఉలిక్కిపడలేదు. అవ్వ చేతులు మాత్రం చాలాసేపు వాడి చెవుల మీదే ఉండిపోయాయి.