కడిగి తెచ్చిన కారు

1961 వేసవి మొదట్లో సంగతి. చీరాల స్టేషను రోడ్డులో నాకో రిపేరు షెడ్డు ఉండేది. నాకు కుదురు తక్కువ. బానెట్ ఎత్తకముందే జబ్బు పేరు చెప్పేసేవాణ్ణి, అదే పెద్ద పనితనమనుకునేవాణ్ణి.

పర్చూరు డాక్టరుగారి పాత విలాయతీ కారు ఆ నెలలో మూడుసార్లు వచ్చింది. పొద్దున ఒక్క తిప్పుకే అందుకుంటుందట. పల్లెలో రోగిని చూసి పావుగంటలో తిరిగొస్తే మాత్రం మొరాయిస్తుందట. నేను ఇంజను వేడెక్కించి, ఆపి, మళ్లీ తిప్పితే మూడుసార్లూ చక్కగా అందుకుంది. ప్లగ్గులు, కాయిలు, కార్బురేటర్ అన్నీ బాగానే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"బండిలో ఏం లేదండీ. డ్రైవరు చేతిలో ఉంది. వేడి ఇంజనుకు చోక్ లాగుతున్నట్టున్నాడు" అన్నాను. చోక్ అంటే చల్లటి ఇంజనుకు పెట్రోలు చిక్కగా అందించే మీట. వేడిమీద లాగితే ప్లగ్గులు తడిసి ఊరుకుంటాయి.

"మొన్న కాన్పు కేసు దగ్గర గంట నిలబెట్టాడయ్యా. ఈ నెలాఖరుకి మానిపించేస్తాను" అన్నారు డాక్టరుగారు.

డ్రైవరు దేవదానం పక్కనే మడ్‌గార్డు తుడుస్తున్నాడు. పదకొండేళ్లుగా ఆ కారే నడుపుతున్నాడు, ముగ్గురు పిల్లలు. తుడవడం ఆపాడు.

ఆ తర్వాత నాకు ఏ పనిమీదా చెయ్యి నిలవలేదు. అన్నం దగ్గరా అదే ఆలోచన. చోక్ లాగేవాడైతే పదేళ్లూ లాగాలి కదా, ఈ ఏడే ఎందుకు లాగుతాడు? నోరు జారానేమోనని భయం పట్టుకుంది. మూడోరోజు బస్సెక్కి పర్చూరు వెళ్లి, డాక్టరుగారితోపాటు కారెక్కాను.

రెండో ఊళ్లో డాక్టరుగారు రోగిని చూడటానికి లోపలికి వెళ్లారు. పావుగంటకి బండి తిప్పితే అందుకోలేదు. దేవదానం చోక్ ముట్టుకోనేలేదు. బానెట్ ఎత్తితే మొహం మీదికి సెగ కొట్టింది. పెట్రోలు పంపు మీద చెయ్యి పెట్టలేకపోయాను. తడిగుడ్డ చుట్టి కాసేపాగి తిప్పితే అందుకుంది. దీన్ని వేపర్ లాక్ అంటారు. పెట్రోలు గొట్టంలోనే మరిగి ఆవిరైతే పంపు దాన్ని లాగలేదు. మరి ఇంత వేడి ఎందుకు? ఇంజను ముందువైపు చూశాను. రేడియేటరుకు అడ్డంగా ఒక నేతగుడ్డ కట్టి ఉంది. దూది, దుమ్ము పట్టి అట్టకట్టింది. ఇక గాలి ఎలా పోతుంది?

"ఇదేంటయ్యా?"

"పత్తిబండ్ల ఎనకాల పోతాం గదండీ. దూది లోపలికి పోకుండా కట్టా."

"షెడ్డుకొచ్చినప్పుడు లేదే?"

"మీ దగ్గరికి మురికిగుడ్డతో ఎట్టా తెస్తానండీ? అది ఇప్పేసి, బండి కడిగి తెస్తా."

"ఇలా కట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నిరుడు రేడియేటర్లో దూది పేరుకుంటే, కళ్లు లేవా అని మీరు తిట్టారు. మళ్లీ మాట పడకూడదని ఈ ఏడు పత్తి తీతలు మొదలైన కాణ్ణించీ కడుతున్నా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సంచీతో వస్తున్న డాక్టరుగారికి ఎదురువెళ్లి చెప్పాను. "తప్పు ఇతనిది కాదండీ, నాది. చూడకుండా మాట అనేశాను."

ఆయన కాసేపు గుడ్డవంక, కాసేపు నావంక చూశారు. "దేవదానం, నెలాఖరు మాట మర్చిపోవయ్యా" అని బండెక్కారు. గుడ్డ తీసేసి, దులుపుకోవడానికి వీలుగా ఇనపజల్లెడ బిగించాను. ఆ సీజనంతా మళ్లీ ఆగలేదు.

ఆ తర్వాత బండి బాగు కోసం తెచ్చేవాళ్లకి ఒకటే చెప్పేవాణ్ణి, కడగకుండా తెమ్మని. అది పనికి సంబంధించిన పాఠం. రెండోది దేవదానం చెప్పాడు. జల్లెడ బిగిస్తూ అడిగాను, "మూడుసార్లు వచ్చావు గదా, గుడ్డ సంగతి ఒక్కసారైనా చెప్పకపోయావేం?" అని.

"మీరు డాక్టరుగారిని అడిగారండీ. నన్ను అడగలేదు" అన్నాడు.