ఖాళీ కాగితం మీద సంతకం

సౌదీలోని మా ఆసుపత్రిలో సెలవు మీద ఇంటికి వెళ్ళే నర్సు ఎవరైనా ముందు ఆఫీసులో ఒక ఖాళీ కాగితం అడుగున సంతకం పెట్టాలి. ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నేనూ అడగలేదు. వాళ్ళ దగ్గరున్న పాస్‌పోర్టు చేతికొస్తే చాలనుకుని పెట్టేశాను.

ఇన్ని ఉద్యోగాలు సౌదీ వాళ్ళకే ఇవ్వాలనే నితాఖత్ చట్టం వచ్చాక, ఆసుపత్రి నడిపే మా కంపెనీ ఎరుపు జాబితాలో పడిందన్నారు. సౌదీ ఉద్యోగులు తక్కువ, మేము ఎక్కువ. గోడ మీది డ్యూటీ చార్టులో ఒక్కొక్క పేరే మాయమవుతూ వచ్చింది.

ఒక ఉదయం గుమస్తా నన్ను పిలిచాడు. కరీంనగర్ మనిషి, మర్యాదస్తుడు. బల్ల మీద అక్క రాజీనామా ఉంది. అక్కంటే నా గదిలో ఉండే నరసాపురం సీనియర్ నర్సు. పైన నాలుగు టైపు వరసలు, అట్టడుగున ఆమె సంతకం, మధ్యలో జానెడు తెలుపు.

"ఇష్టంతోనే ఇచ్చిందని సాక్షి కావాలె చెల్లె. నువ్వు రూంమేట్‌వి గద. ఇగో, ఈడ పెట్టు."

అక్క రాజీనామా చేయలేదు. నేను సంతకం పెడితే వారంలో ఆమెకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, తిరిగి రాకుండా ఇంటికి పంపేస్తారు.

నా పెట్టెలో అట్ట ఊడిన రష్యన్ నవలలు రెండున్నాయి, పాత తెలుగు అనువాదాలు. వాటిలో ప్రభుత్వాన్ని ఎదిరించేవాళ్ళు వీరుల్లా ఉండరు. దగ్గుతుంటారు, తడిసిన బూట్లతో తిరుగుతుంటారు. ఒకడు స్నేహితుడి మీద రాసిన కాగితంపై సంతకం పెట్టనంటాడు, అంతే. ఆ తర్వాత మెట్ల మీద ఎవరి అడుగులు వినపడ్డా ఉలిక్కిపడుతుంటాడు. కాలేజీ రోజుల్లో ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాశాను: "పెట్టేస్తే పోయేది కదా."

"నేను చూడలేదు సార్," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఏందీ?"

"ఆవిడ రాయడం నేను చూడలేదు. పెట్టను."

అతను కోప్పడలేదు. పెన్నుకు మూత పెట్టి, బీరువా తెరిచి, ఒక ఫైలు తీశాడు. అందులో తెల్ల కాగితం. కింద నా సంతకం.

"మంచిగ ఆలోచించుకో చెల్లె. దీనిక్కూడ సాక్షి దొరుకుతరు."

అక్కతో చెబితే తల పట్టుకుంది. "పిచ్చి మొహమా! నన్నెలాగూ పంపేత్తారు. పెట్టేసుంటే నువ్వన్నా మిగిలేదానివి కదే." అంతలోనే నవ్వింది. "నీ కాయితానికి సాచ్చికం నన్నే పిలుత్తారేమో. చచ్చినా పెట్టన్లే."

మూడో రోజుకు అక్క కాగితానికి సాక్షి దొరికింది. మా వార్డు నర్సే, మా అంతస్తులోనే ఉంటుంది. ఎవరో అక్కకూ తెలుసు, నాకూ తెలుసు. పెట్టె సర్దుతూ అక్క ఆమెనేమీ అనలేదు, నన్నూ అననివ్వలేదు.

ఇప్పుడు అక్క మంచం మీద పరుపు లేదు. నా ఫైలు బీరువాలోనే ఉంది. ఆఫీసు నుంచి వార్డుకు ఫోనొస్తే చేతిలోని ట్రే గట్టిగా పట్టుకుంటున్నాను. డైరీలో రాసినదాని కింద ఖాళీ మిగిలితే, చివరిదాకా అడ్డంగా గీత కొట్టేస్తున్నాను.