గోడ మీద మూడు సెల్లులు

ఆ రోజుల్లో మా ఇంటికి మిగిలిన ఆస్తి పేరొక్కటే, దానికి కాపలా నేను. అలియాబాద్‌లో మా పొలాలు ప్లాట్లయి చాలా ఏళ్లయినా (ఎవరు అమ్మారు, ఎందుకు అమ్మారు అన్నది మా ఇంట్లో మాట్లాడుకునే విషయం కాదు) మేడ్చల్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగానికి చొక్కా ఇస్త్రీ నలగకుండా బస్సులో నిలబడే వెళ్లేవాణ్ని. అలాంటి నాకు మా బాపు టార్చిలైటు పెద్ద అవమానం. పొద్దుగూకగానే ఆయన ఆ లైటు పట్టుకుని ఒకప్పటి మా పొలం చుట్టూ తిరిగి వచ్చేవారు. ఆయనకు మిగిలిన పెత్తనం ఆ నడకే. సెల్లులు నీరసిస్తే పారేయరు. వీధిగోడ మీద వరుసగా ఎండబెట్టి, పంటితో నొక్కి చూసి, మళ్లీ వేస్తారు. పక్కింటి వదిన చూసి, "ఏం మర్దీ, ఈసారి పంట మంచిగనే ఎల్లినట్టుంది" అనేది.

అంతలో ఫ్యాక్టరీలో పాత సెల్లుల కోసం ఒక డబ్బా పెట్టారు. చెత్తలో పడేస్తే వాటిలోని విషం మట్టిలోకి, నీళ్లలోకి దిగుతుందనీ, కొసలకు టేపు వేసి తెమ్మనీ చెప్పారు. పరువూ పుణ్యమూ ఒకేసారి దక్కుతాయనుకున్నాను. ఇంట్లో ఉన్నవన్నీ, గోడ మీద ఎండుతున్న మూడింటితో సహా, టేపు వేసి మా తాత ఇత్తడి పాన్‌దాన్‌లో సర్దాను (చెత్త సంచితో బస్సెక్కే వంశం కాదు కదా). డబ్బా దగ్గరి సూపర్‌వైజర్ "ఏంది, అందరికీ పాన్ తెచ్చినవా?" అని చెయ్యి చాపాడు. "మా తాతది" అంటూ మూత తీశాను. తెల్లగా పొంగి కారిన సెల్లుల్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకుని, "గివి గూడ మీ తాతయేనా?" అన్నాడు.

సాయంత్రం మూడు కొత్త సెల్లులు బాపు ముందు పెట్టాను.

"గోడ మీదియి ఏవిరా?"

"డబ్బాల ఏసిన బాపూ. కారుతున్నయ్. కిందనే నీళ్ల గోలెం ఉన్నది."

ఆయన కొత్తవి వేసుకుని బయల్దేరారు, వెనకే నేను. ఎప్పుడూ ఆ లైటు ఆయన చెప్పుల ముందు నాలుగడుగుల మేర పడేది. ఆ రోజు వెలుగు నేరుగా వెళ్లి మా పొలంలో లేచిన విల్లాల ప్రహరీ మీద, గేటు మీద, గేటు దగ్గరి వాచ్‌మన్ ముఖం మీద పడింది.

"ఎవరది? గిటు రావద్దు" అన్నాడతను.

బాపు చుట్టు పూర్తి కాకుండానే వెనక్కి తిరగడం నేను చూడటం అదే మొదటిసారి. దారిలో, "కొత్తయి మస్తు దూరం కొడ్తున్నయ్‌రా. గంత దూరం నాకెందుకు?" అన్నారు. మర్నాటి నుంచి ఆయన ఆ వైపు నడవలేదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పాత సెల్లుల డబ్బా బాధ్యత నాదే. టేపు వేయకుండా తెచ్చినవాళ్లను నిలబెట్టి మందలిస్తాను కూడా. మా రిమోట్ సెల్లుల్ని మాత్రం డబ్బాలో వేసేముందు ఒక పూట బాల్కనీ గోడ మీద ఎండలో పెడతాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, "టేపు బాగా అంటుకుంటది" అంటాను, వీపు నిటారుగా పెట్టి.