అత్త కొట్టులో విమానం కిటికీ

మా మేనత్త పోయిందన్న కబురు నాకు తిరుత్తంగల్ ప్రెస్సులో, క్యాలెండర్లు కత్తిరించే మిషన్ పక్కన నిలబడి ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె టీ కొట్టు పక్కన పంక్చర్లు వేసే తంబి. చప్పుడులో ఏమీ వినపడక బయటికొచ్చి మళ్ళీ అడిగాను. పొద్దున కొట్టు తీసి, పాలు పొయ్యి మీద పెట్టి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయిందని తమిళంలో చెప్పి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఆమెకిచ్చిన మాట గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ మాట ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇచ్చాను. మదురై నుంచి చెన్నైకి విమానంలో తీసుకుపోతానని, కిటికీ పక్కన కూర్చోబెడతానని. కోవిల్‌పట్టిలో మా ఇంటికొచ్చినప్పుడల్లా అడిగేది, నేను వచ్చే ఏడు అనేదాన్ని. మా ప్రెస్సులో ఎప్పుడూ వచ్చే ఏడు క్యాలెండర్లే అచ్చవుతాయి గనక ఆ మాట నోటికి సులువుగా వచ్చేది.

మీరెప్పుడైనా మదురై నుంచి తిరునెల్వేలి పోతూ కయత్తారు దగ్గర టీకి ఆగి ఉంటే మా అత్తను చూసే ఉంటారు. రేకుల కొట్టు, నీలం ప్లాస్టిక్ కుర్చీ, అడగకుండానే చక్కెర ఎక్కువేసే చెయ్యి. తక్కువ వెయ్యమంటే, ఇంత దూరం పోయేవాళ్ళకు ఆ మాత్రం లేకపోతే ఎట్లా అని దబాయించేది.

ఆ కొట్టుకు ఎదురుగా ఒకరోజు విమానం వచ్చి దిగింది. ఎగిరి కాదు, ట్రైలర్ల మీద. ఒకదాని మీద ఒళ్ళు, ఇంకోదాని మీద రెక్కలు. ఎవరో హోటలాయన పాత విమానాన్ని కొని, లోపల బల్లలు వేసి భోజనం పెడదామనుకున్నాడు. చక్రాలు లేవు, ఇనుప దిమ్మెల మీద నిలబెట్టారు. పర్మిషన్ రాలేదు. హోటలాయన తాళం వేసుకుపోయి మళ్ళీ కనపడలేదు. విమానం మూడేళ్ళు నల్లరేగడి దుమ్ము తాగుతూ అక్కడే ఉంది.

అత్త దానికి చుట్టం అని పేరు పెట్టింది. వచ్చి కూర్చున్నాడు, పోయే మాట ఎత్తడం లేదని వెక్కిరించేది. వెక్కిరిస్తూనే రోజూ సాయంత్రం చీపురు పట్టుకుపోయి దాని కింద ఊడ్చేది. రెక్కల నీడలో పడుకున్న మేకల్ని మాత్రం తోలేది కాదు. వెనక గాలి మిల్లులు గిర్రున తిరుగుతుంటే చుట్టాన్ని చూపించి, "తిరిగేవి తిరగతానే ఉండాయి. ఎగరాల్సినోడు కూచోనుండాడు, పావం" అనేది. లోపలికి ఒక్కసారి ఎక్కి చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకునేది. తాళం చెవి హోటలాయన దగ్గరే ఉండిపోయింది.

చివరికి దాన్ని తుక్కుకు అమ్మేశారు. కోసేవాళ్ళు దిగిన పొద్దున అత్త నాకు ఫోన్ చేసింది. "చుట్టాన్ని కోస్తుండారు కన్నూ, నువ్వు దా. నాకు ఒక్కదానికి ఎక్కేదానికి బయ్యం" అంది. సీజన్లో సెలవివ్వరని, ఆదివారం వస్తానని చెప్పాను. ఆమె సరేనంది. నేను పనిలో పడ్డాను.

ఆదివారం పోయేసరికి దిమ్మెలు మాత్రమే మిగిలాయి. జరిగిందంతా ఆమే చెప్పింది. కోసేవాళ్ళకు టీ ఇచ్చి, ముందు మేస్త్రీని ప్రశ్నలతో చంపిందట. ఇంజన్లు ఏవయ్యా అంటే, అవి మొదటే తీసేస్తారు, ఇంకా ఆయుష్షున్న సామాన్లన్నీ వేరే విమానాలకు పోతాయి, ఎక్కడెన్నాళ్ళు వాడారో రాసిన కాగితం ఉంటేనే వాటిని మళ్ళీ ఎగరనిస్తారు, మిగిలిన ఒంటిని కోసి, కరిగించి గిన్నెలకూ వాటికీ వాడతారని అతను చెప్పాడు. తర్వాత, ఒక్కసారి ఎక్కనిమ్మని అడిగింది. లోపల నేల పలకలు ఊడదీశాం, మోకాళ్ళ నొప్పితో ఎట్లా ఎక్కుతావు అవ్వా, వద్దన్నాడు. ఇంకో రౌండు టీ ఇచ్చింది. అడగడం మానలేదు.

మధ్యాహ్నానికి మేస్త్రీ చెక్కలు పరిపించి, నిచ్చెన వేయించాడు. ముందొకరు వెనకొకరు పట్టుకుని ఆమెను ఎక్కించారు. లోపల ఒక్క సీటు లేదు. కొట్టులోంచి నీలం కుర్చీ తెప్పించి కిటికీ పక్కన వేశారు. బయలుదేరేటప్పుడు కిటికీ తెర ఎత్తి ఉంచాలి అవ్వా, అది రూలు అంటూ మేస్త్రీ తెర పైకి జరిపాడు. అత్త బయటికి చూసింది.

"ఏం కనిపించింది?" అని అడిగాను.

"నా కడే, ఈ టీ కొట్టే కనిపించింది కన్నూ. పైనించి చూస్తే ఎంత అందంగా ఉండాది తెలుసునా! ఇన్నేండ్లు దాంట్లోనే కూచోని, నేను చూడనే లేదు."

నేను తలదించుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "నీ మాట తీరిపోయింది పో. నువ్వు ఎక్కిచ్చేలోపల నేనే ఎక్కేసినాను" అని పకపకా నవ్వింది. తిట్టినా బాగుండేది.

మేస్త్రీ పోతూ పోతూ ఆ కిటికీని తెరతో సహా కోసి ఆమెకిచ్చాడు. పంక్చర్ల తంబి దాన్ని రోడ్డు వైపు రేకుగోడలో బిగించాడు. అప్పట్నుంచి పొద్దున కొట్టు తీయగానే తెర ఎత్తేది, కట్టేసేటప్పుడు దించేది. ఎత్తి ఉంటే టీ ఉన్నట్టు, దించితే లేనట్టు. లారీ డ్రైవర్లందరికీ అదే గుర్తు. ప్రతివాడికీ విమానం రూలు చెప్పందే గ్లాసు ఇచ్చేది కాదు. తూత్తుకుడి వైపు పోయే విమానం చప్పుడైతే బయటికొచ్చి, మన చుట్టం చెయ్యో కాలో పోతుందని చెయ్యి ఊపేది. కోవిల్‌పట్టిలో కొత్త గిన్నె కొనేటప్పుడు కూడా వేలితో తట్టి, ఇది ఏ విమానమని అడిగి అంగడివాణ్ణి తికమక పెట్టింది.

నేను టికెట్లు మాత్రం కొనలేదు. మాట తీరిపోయిందని ఆమె అన్నది నన్ను నొప్పించకుండా ఉండడానికని తెలుసు. తెలిసీ హాయిగా నమ్మాను.

కర్మలయ్యాక ఒకరోజు ప్రెస్సు నుంచి విరుదునగర్ వచ్చి, అక్కడ బస్సెక్కి కొట్టు సర్దడానికి పోయాను. పాలగిన్నె ఎవరో కడిగి బోర్లించారు. నీలం కుర్చీ కిటికీ పక్కనే ఉంది. తంబి వచ్చి, అత్త దగ్గర నేర్చిన తెలుగులో, "తెర దించేయండక్కా. ఎత్తి ఉండాదని బండ్లు ఆగతా ఉండాయి. అవ్వ లేదని చెప్పి చెప్పి నా వల్ల కావటంలే" అన్నాడు.

ఆ పొద్దున ఆమె ఎత్తిన తెర అది. దించడానికి చెయ్యి పెట్టాను. బయలుదేరేటప్పుడు ఎత్తి ఉంచాలి కదా అని గుర్తొచ్చింది. అప్పుడొచ్చింది ఏడుపు. తెర అలాగే వదిలి, తలుపుకు తాళం వేసి రోడ్డు మీదికి వచ్చాను.

బస్సు కోసం నిలబడి ఉండగా ఒక లారీ వేగం తగ్గించి పక్కకు తీసింది. డ్రైవర్ దిగి, లుంగీ సర్దుకుని, కిటికీ దగ్గరికి పోయి వంగి లోపలికి చూస్తున్నాడు.